డైరీ రాయించే ప్రశ్న

మూడేళ్ళ కిందట మా కాలేజీలో బి.ఎ. రెండవ సంవత్సరం విద్యార్థుల చేత రోజూ డైరీ రాయించాలని పూనుకున్నాను. వచనం చేతికి రావాలంటే వ్యాఖ్యానాలు బట్టీపట్టటం కంటె రోజుకొక పేజీ సొంతంగా రాసుకోవటం మేలని నా నమ్మకం. కాని వట్టినే "రాయండి" అంటే ఎవరూ రాయరు. తెల్లకాగితం ముందు కూర్చున్న కుర్రవాడికి తన బతుకులో చెప్పదగిన సంగతి ఒక్కటీ లేదనిపిస్తుంది. పన్నెండేళ్ళ బడి చదువు వాడికి మరేది నేర్పినా నేర్పకపోయినా ఆ పాఠం మాత్రం గట్టిగా నేర్పుతుంది. అందుచేత రోజుకొక విషయం నల్లబల్ల మీద రాసి ఇచ్చాను. మొదటి వారం నేనిచ్చిన విషయాలు ఇవి: మా ఊళ్ళో నేను చూసిన అన్యాయం, శ్రమ విలువ, స్త్రీ స్వేచ్ఛ, నా ఆశయం.

ఆదివారం నాడు 38 నోటుబుక్కులు ముందేసుకుని చదివాను. అన్నిట్లోనూ అన్యాయం ఖండించబడింది. శ్రమ పూజింపబడింది. స్త్రీకి స్వేచ్ఛ ఇవ్వబడింది. ఒక్క పుస్తకంలోనూ ఒక ఊరు లేదు, ఒక మనిషి లేడు. అట్టలు చించేస్తే ఏది ఎవరిదో చెప్పటం నా తరం కాదు. ఇంతకంటె సిగ్గుపడవలసిన సంగతి, ఆ వాక్యాల్లో చాలా వాక్యాలు నావి. తరగతిలో నేను వాడే మాటలను వాళ్ళు శ్రద్ధగా దాచిపెట్టి, అడిగినప్పుడు నాకు తిరిగి ఇచ్చారు. మార్కులు వేసే చెయ్యి ఎటు మొగ్గుతుందో విద్యార్థికి తెలిసినంత బాగా మరెవరికీ తెలియదు.

రాయించటానికి ఇట్లా విషయం అందించటాన్ని ఇంగ్లీషులో ప్రాంప్ట్ అంటారు. ఆ మాట మనకు కొత్త కాదు. పద్యనాటకాలు ఆడిన రోజుల నుంచీ తెర పక్కన నిలబడి నటుడికి మాట అందించేవాణ్ణి మనం ప్రాంప్టరనే పిలుస్తున్నాం. మంచి ప్రాంప్టరు నటుడు మరిచిపోయిన మాటను మాత్రమే అందిస్తాడు. చెడ్డ ప్రాంప్టరు నాటకమంతా తానే చదువుతాడు. ముందు వరసల్లో కూర్చున్నవాళ్ళకు రెండు గొంతులు వినిపిస్తాయి. నేను రెండో రకం ప్రాంప్టరునని ఆ ఆదివారం తెలిసింది.

ఇచ్చిన విషయం మీద రాయటమే తప్పు, రచన లోపలి నుంచి దానంతటది పొంగాలి అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. భావకవిత్వం పోయినా ఈ వాదం పోలేదు. వాళ్ళతో నాకు పేచీ లేదు, పొంగేవాళ్ళు పొంగుతూనే ఉంటారు. నా పేచీ మనవాళ్ళలో కొందరితో. డైరీ అనేది మధ్యతరగతి మనిషి తన బొడ్డు తాను చూసుకునే వ్యాపారమని, అభ్యుదయ సాహిత్యానికి దానితో పని లేదని వాళ్ళంటారు. ఈ మాట అనేవాళ్ళకు మన ఉద్యమ చరిత్రే తెలియదనుకోవలసి వస్తుంది. మామూలు మనిషి చేత మామూలు రోజు గురించి రాయించాలన్న ఆలోచనకు పెద్ద ఎత్తున రూపమిచ్చింది మరెవరో కాదు, గోర్కీ.

1934లో మాస్కోలో జరిగిన సోవియట్ రచయితల మొదటి మహాసభలో గోర్కీ ఈ ప్రతిపాదన చేశాడు. ప్రపంచంలో ఏదో ఒక రోజును తీసుకుని, ఆ రోజు ఎక్కడ ఏం జరిగిందో సేకరించి ఒక పుస్తకం చెయ్యాలన్నాడు. 1935 సెప్టెంబరు 27ను ఎంచుకున్నారు. అది పండుగ కాదు, ఏ విప్లవానికీ వార్షికోత్సవం కాదు. పుస్తకం 1937లో మిఖాయిల్ కోల్త్సోవ్ చేతుల మీదుగా వెలువడేనాటికి గోర్కీ లేడు. ఈలోగా చైనాలో మావ్ దున్ సంపాదకత్వాన అదే పద్ధతిలో మరొక పుస్తకం తయారయింది. 1936 మే 21న మీ రోజు ఎట్లా గడిచిందో రాయండి అని పత్రికల్లో పిలుపిచ్చారు. సుమారు 3,000 రచనలు వచ్చాయి. వాటిలో 490 అచ్చువేశారు. రాసినవాళ్ళలో ఎక్కువమంది అంతకుముందు రచయితలు కారు. విద్యార్థులు, గుమాస్తాలు, బడిపంతుళ్ళు, సైనికులు. జపాను దండెత్తటానికి ఏడాది ముందు చైనా ఎట్లా ఊపిరి పీల్చిందో తెలుసుకోవటానికి ఈనాటి చరిత్రకారులు కూడా ఆ పుస్తకం తెరుస్తున్నారు.

ఈ పిలుపుల్లో నేను గమనించింది ఒకటుంది. రాసేవాడికి రోజు ఇచ్చారు, అభిప్రాయం ఇవ్వలేదు. అన్యాయం గురించి రాయమని మావ్ దున్ అడగలేదు. మే 21 గురించి అడిగాడు. అన్యాయం ఉంటే అందులోకి అదే వస్తుంది; రాకపోతే పిలవకూడదు.

ఇంగ్లండులో 1937లో మొదలైన మాస్ అబ్జర్వేషన్ వాళ్ళు ఈ విద్యను ఇంకా సూక్ష్మంగా సాధించారు. అప్పట్లో కమ్యూనిస్టుగా ఉన్న కవి చార్లెస్ మాడ్జ్, మానవశాస్త్రం చేసిన టామ్ హారిసన్, సినిమాలు తీసే హంఫ్రీ జెన్నింగ్స్ కలిసి పెట్టిన సంస్థ అది. మొదట ప్రతినెలా 12వ తేదీన మీరు చేసిన పనులు రాసి పంపమన్నారు. తర్వాత నెలనెలా ప్రశ్నలు పంపారు. వాళ్ళడిగిన ఒక ప్రశ్న నాకు కంఠస్థం అయిపోయింది. మీ ఇంట్లో చలిమంట గూటి పైనున్న అర మీద ఏమేమి వస్తువులున్నాయో ఎడమ నుంచి కుడికి వరసగా రాయండి, అంతే. వర్గం గురించి అడగలేదు, సంపాదన గురించి అడగలేదు. ఆ అర మీద గడియారం పక్కన కట్టని బిల్లు ఉంటుంది, యుద్ధంలో పోయిన కొడుకు ఫొటో ఉంటుంది. వాటికంటె స్పష్టంగా ఏ మనిషీ తన వర్గాన్ని చెప్పుకోలేడు.

1939లో యుద్ధం ముంచుకొస్తుండగా ఆ సంస్థ తన రాతగాళ్ళను రోజూ డైరీ రాయమంది. యుద్ధకాలంలో 480 మంది దాకా రాశారు. వాళ్ళలో బారో పట్టణపు గృహిణి నెల్లా లాస్ట్ ఒకతె. అప్పటికామెకు 49 ఏళ్ళు, భర్త వడ్రంగం పని. యుద్ధం 1945లో ముగిసింది. ఆమె డైరీ మాత్రం 1966 దాకా సాగింది. ఎవరో అడిగితే మొదలుపెట్టిన రాత అడిగినవాళ్ళ అవసరం తీరాక కూడా ఇరవై ఏళ్ళు నిలిచింది. అలవాటు అంటే ఇదీ. ఇప్పటి మన బజార్లలో దొరికే రంగురంగుల ప్రశ్నల పుస్తకాలు, సెల్‌ఫోనులో పొద్దున్నే మోగి ఈ రోజు మీరు కృతజ్ఞత చెప్పుకోదలచిన మూడు విషయాలు రాయండి అనే యంత్రాలు ఇట్లాంటి మనిషిని ఒక్కరినైనా తయారుచేస్తాయా అని నా సందేహం. కృతజ్ఞత చెప్పుకోవటం మంచిదే. కాని జీతం మూడు నెలలుగా రాని కాంట్రాక్టు లెక్చరరును పట్టుకుని రోజూ పొద్దున కృతజ్ఞతే అడిగే ప్రశ్న, నేను నల్లబల్ల మీద రాసిన "శ్రమ విలువ"కు కవల తమ్ముడు. రెండింటికీ జవాబు ముందే తయారుగా ఉంది.

మన సమస్యాపూరణం సంగతేమిటని మిత్రులొకరు అడిగారు. ఇచ్చిన పాదానికి పద్యం అల్లటం మన దేశంలో ఎప్పటి నుంచో ఉన్నదే కదా అన్నారు. ఉన్నది. అయితే సమస్య అడిగేవాడికి కవి బతుకు అక్కరలేదు, గణయతిప్రాసలు తప్పకుండా గండం దాటాడా లేదా అన్నదే కావాలి. అవధానంలో పృచ్ఛకుడు చేసేది పరీక్ష. ఆ విద్యను నేను తక్కువ చెయ్యను గాని, దానివల్ల డైరీ అలవాటు కాదు.

ఈ చదువంతా అయ్యాక నా ప్రశ్న మార్చాను. మీ ఇంట్లో దేవుడి గూడు కాకుండా ఇంకొక గూట్లో గాని అరమారలో గాని ఉన్న వస్తువులు వరసగా రాసుకు రమ్మన్నాను. ఈసారి 38 పుస్తకాల్లో 38 ఇళ్ళు కనిపించాయి. ఆరిపోయిన టార్చిలైటు, అమ్మ బి.పి. మాత్రలు, ఆధార్ జిరాక్సులు, ఎరువుల కొట్టు ఖాతా పుస్తకం, దుబాయి నుంచి మేనమామ తెచ్చిన ఖాళీ సెంటుసీసా. ఒకమ్మాయి పదకొండు వస్తువులు రాసింది. తొమ్మిదవది తాకట్టు కొట్టు చీటీ. గాజులు రెండు అని, కింద తేదీ. ఆ తేదీ తాను కాలేజీలో చేరిన వారంలోదని మరొక చిన్న వాక్యం. పదవ వస్తువు దువ్వెన. ఏ విశేషణమూ లేకుండా గాజుల పక్కన దువ్వెన పెట్టగలిగిన ఆ పిల్ల చేతిలో వచనం ఉన్నదని నాకు రూఢి అయింది.

ఇక్కడ నేను చేసిన పని చెప్పాలి. ఆ పేజీని మర్నాడు తరగతిలో చదివి వినిపించాను. రాతకు అది మంచి ఉదాహరణ అనుకున్నాను. పేరు చెప్పలేదు, చెప్పనక్కరలేకపోయింది. వాళ్ళ ఊరి పిల్లలు తరగతిలో ఇంకా నలుగురున్నారు. గంట కొట్టాక ఆ అమ్మాయి వచ్చి, "సార్, నా పుస్తకం ఇస్తారా?" అన్నది. ఇచ్చాను. మళ్ళీ సోమవారం పుస్తకాలు తీసుకున్నప్పుడు ఆ పేజీ బ్లేడుతో కోసేసి ఉంది. తర్వాతి పేజీలన్నిట్లోనూ సూర్యోదయాలు ఉన్నాయి, పక్షుల కిలకిలారావాలు ఉన్నాయి. ఏడాది ముగిసేదాకా అవే.

ప్రశ్న బాగుంటే చాలుననుకున్న నాకు ఈ దెబ్బతో అసలు సంగతి కనిపించింది. డైరీ రాయించే ప్రశ్న ఎట్లా ఉన్నదని అడగటం సగమే. జవాబు ఎవరి చేతికి పోతుందన్నది మిగతా సగం. ఈ రెండో సగాన్ని మన ఉద్యమ చరిత్రలో ఎవరి జీవితం తేటతెల్లం చేస్తుందా అని వెతికితే, జర్మన్ రచయిత్రి క్రిస్టా వోల్ఫ్ దగ్గరికి వచ్చి ఆగాను.

గోర్కీ పిలుపును 1960లో ఇజ్వెస్తియా పత్రిక మళ్ళీ ఇచ్చింది. ఆ సెప్టెంబరు 27 గురించి రాయమని ప్రపంచ రచయితలను అడిగింది. తూర్పు జర్మనీలో హాలే పట్టణంలో ఉంటున్న క్రిస్టా వోల్ఫ్‌కు అప్పుడు 31 ఏళ్ళు. ఆమె ఆ రోజును రాసింది. చిన్నకూతురి కాలు బాగాలేక డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళటం, మర్నాడు ఆ పిల్ల పుట్టినరోజు, రైలుపెట్టెల కర్మాగారంలో తాను కలిసి తిరుగుతున్న కార్మిక బృందం, రాస్తున్న కథ ముందుకు సాగకపోవటం. మరుసటి సంవత్సరం ఎవరూ అడగలేదు. ఆమె మళ్ళీ రాసింది. అట్లా 2011లో చనిపోయేదాకా ఏటా సెప్టెంబరు 27ను రాస్తూనే ఉంది. 1960 నుంచి 2000 దాకా రాసిన రోజులను 2003లో తానే పుస్తకంగా వేసింది. నేను చదివింది 2007 నాటి ఇంగ్లీషు అనువాదం. మిగిలిన పదకొండేళ్ళ రోజులను భర్త 2013లో వెలువరించాడు. ఒక పత్రిక వేసిన ఒక్క ప్రశ్న ఒక మనిషిలో అర్ధశతాబ్దం పనిచేసింది. ఆ పుస్తకంలో బెర్లిన్ గోడ లేచింది, కూలింది. వంటింట్లో పప్పూకూరా కూడా ఉడికాయి. రెండూ ఒకే వరసలో ఉండటమే నాకు నచ్చింది. ఏ రాజకీయ చరిత్రా తూర్పు జర్మనీలో బతకటాన్ని ఇంత దగ్గరగా చూపించలేదని నా అభిప్రాయం.

అదే కాలంలో అదే దేశంలో ఇంకొక రకం డైరీ కూడా నడిచింది. 1959 ఏప్రిల్‌లో బిటర్‌ఫెల్డ్‌లో జరిగిన సభ కార్మికులను కలం పట్టమని పిలిచింది. కర్మాగారాల్లో బ్రిగేడు డైరీలు పెట్టారు. సోషలిస్టు శ్రమ బ్రిగేడు అన్న బిరుదు కోసం పోటీపడే బృందానికి డైరీ ఒక అర్హత. ఉద్దేశం గొప్పది. కాని ఆ డైరీని తిరగేసేవాడు బిరుదు ఇచ్చే అధికారి. ఇక అందులో ఏముంటుంది? ప్రణాళిక ఇంత శాతం నెరవేర్చాం, విహారయాత్రకు వెళ్ళాం, ఇదిగో ఫొటో. నా 38 నోటుబుక్కులే అవి. అలవాటు ఉంది, క్రమం ఉంది, మనిషి లేడు.

ఇంకా చేదైన సంగతి మరొకటి. 1959 నుంచి 1962 దాకా క్రిస్టా వోల్ఫ్ తూర్పు జర్మనీ రహస్య పోలీసు విభాగమైన స్టాసీకి మారుపేరుతో సహకరించింది. ఈ సంగతి 1993లో లోకానికి తెలిసింది. ఆ ఫైలును ఆమె ఆ సంవత్సరమే అచ్చుకిచ్చింది. అంటే 1960 సెప్టెంబరులో ఆ చేతికి అడగబడిన రాతలు రెండు. ఒకరు నీ రోజు ఎట్లా గడిచిందని అడిగారు. రెండోవాళ్ళు నీ తోటివాళ్ళు ఎట్లాంటివాళ్ళని అడిగారు. ఒక దానికి చదివేవాడెవరో రాసేమనిషికి తెలుసు; రెండవదానికి, ఎవరి గురించి రాశారో ఆ మనిషికే తెలియదు. ఆ తర్వాత స్టాసీ ఆమె మీదనే కన్నువేసింది. ఆమెపై నిఘాకు సంబంధించిన కాగితాలు 42 సంపుటాలయ్యాయి. ఆ దేశం నిలిచినంతకాలం ఆమె సెప్టెంబరు 27 ఆమె ఒక్కతె రాసుకున్నది కాదు.

తన తొలి సహకారాన్ని తాను మరిచిపోయానని ఆమె అన్నది. ఈ మాట చాలామంది నమ్మలేదు. ఎట్లా మరిచిపోగలిగానన్న ప్రశ్న చుట్టూనే 2010లో తన ఆఖరి నవల రాసింది. ఏడాదికొక రోజును చెయ్యి జారనివ్వకుండా పట్టుకున్న మనిషి దీన్ని మరిచిపోయింది. అందుకని ఆ డైరీ అబద్ధమని నేననను. ఆమెను క్షమించటానికో శిక్షించటానికో నాకు అధికారం లేదు. నాకు పనికివచ్చేది ఇంతవరకే: తన కోసం రాసుకున్నది ఆమెకు యాభై ఏళ్ళు తోడున్నది, పైవాడి కోసం రాసింది జ్ఞాపకంలో కూడా నిలవలేదు.

దీన్ని సోషలిస్టు దేశాల తెగులుగా తీసిపారేయటానికి వీలు లేదు. గోర్కీ పుస్తకాన్ని పూర్తిచేసిన కోల్త్సోవ్‌ను 1938లో అరెస్టు చేసి 1940లో కాల్చేశారు. ఆ చరిత్రను మనం దాచవద్దు. అయితే ఇంగ్లండులో మాస్ అబ్జర్వేషన్ కూడా 1940లో ప్రభుత్వ సమాచార శాఖకు ప్రజల మనోధైర్యం మీద నివేదికలు తయారుచేసి పెట్టింది. నెల్లా లాస్ట్ వంటింటి కబుర్లు ఎవరి బల్ల మీదికి ఏ రూపంలో పోయాయో ఆమెకు తెలిసి ఉండదు. ఇవాళ సెల్‌ఫోనులో డైరీ రాసుకునే మా విద్యార్థికి తన రహస్యం ఏ కంపెనీ గోదాములో నిలవ ఉంటుందో అంతకంటె తెలియదు.

చదివేవాడు ఉండకూడదనే సిద్ధాంతం చెయ్యబోవటం లేదు. మన భాషలోనే దానికి ఎదురు సాక్ష్యం ఉన్నది. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్‌గా ఉన్న ఏనుగుల వీరాస్వామి 1830 మే 18న కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చాడు. దారిపొడుగునా తన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళకు రాసి పంపాడు. ఆ కాశీయాత్రచరిత్ర 1838లో అచ్చయింది. మజిలీ ఎంత దూరం, బాట ఎట్లాంటిది, నీళ్ళు దొరుకుతాయా, అంగళ్ళున్నాయా అన్న ధోరణిలో అన్ని నెలలు విసుగులేకుండా ఆయన రాయగలిగాడంటే, అవతల ఒక మిత్రుడు ఎదురుచూస్తూ ఉండటమే కారణం. ఆ మిత్రుడు మార్కులు వేసేవాడు కాడు. గురజాడ డైరీలకు అట్లాంటి మిత్రుడు కూడా లేడు. వాడుకభాష కోసం అంత పోరాడినాయన తన డైరీని ఎక్కువభాగం ఇంగ్లీషులో రాసుకున్నాడు. ఎందుకని అడిగేవాడెవడూ పక్కన లేని రాత కాబట్టి కాబోలు.

కిందటి సంవత్సరం నుంచి నేను పుస్తకాలు తీసుకోవటం మానేశాను. మార్కులు లేవు. వారానికొక ప్రశ్న మాత్రం ఇస్తాను: నిన్న సాయంత్రం 6 నుంచి 7 దాకా ఇంట్లో ఎవరు ఏం చేశారు? మీరెక్కిన బస్సులో కూర్చోవటానికి చోటు ఎవరికి దొరికింది? ఈ నెల మీ ఇంట్లో కొనవలసి ఉండి కొననిదేమిటి? ఈ చివరిదాన్ని అడగవచ్చునా కూడదా అని రెండు రోజులు ఆలోచించాను. జవాబు నేను చూడను కాబట్టి అడిగాను. చూడదలచుకున్నవాళ్ళు తమ స్నేహితుడికొకరికి చూపించుకోవచ్చునన్నాను. ఇందువల్ల విద్యార్థుల వచనం బాగుపడిందని రుజువు చూపమని మా డిపార్టుమెంటులో ఒకరు అడిగారు. చూపించలేను. అధ్యాపకుడికి ఇది ఇబ్బందికరమైన పరిస్థితే. ఫలితం కళ్ళతో చూస్తే తప్ప పని జరిగినట్టు లెక్కలేని ఉద్యోగం మాది.

డిసెంబరులో, ఇంకా రాస్తున్నవాళ్ళు చెయ్యెత్తండి అన్నాను. 36 మందిలో 11 మంది ఎత్తారు. వెనకబెంచీలో ఒక కుర్రవాడు సగం ఎత్తి దించేశాడు. వాణ్ణి లెక్కలో వేసుకోవాలో లేదో నాకింకా తేలలేదు.